వాపసు అన్న మాట

"అక్కా, పాపని వాపసు ఇచ్చేశాం."

ఫోనులో ఆమె అన్నవాటిలో నాకు స్పష్టంగా వినిపించింది ఈ ఒక్క వాక్యమే. ఆ తర్వాత ఏడుపు, వెనక ఎవరితోనో మాట్లాడుతున్న భర్త గొంతు, ఫోను పెట్టేసిన చప్పుడు. ఆమె నాకంటే పదేళ్ళు చిన్నది. ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పాం. అంతకు నాలుగున్నర నెలల ముందు వాళ్ళు రెండేళ్ళ పాపని ఇంటికి తెచ్చుకుని పేరు పెట్టుకున్న రోజున నేను వెళ్ళి ఆ పిల్ల చేతికి గాజులు తొడిగి వచ్చాను. ఇంకా ముందు, వాళ్ళ ఇంటి పరిస్థితులు చూడడానికి వచ్చిన సోషల్ వర్కరుకి ఇవ్వడం కోసం, ఈ దంపతులు బిడ్డని పెంచడానికి అన్ని విధాలా తగినవారని ఉత్తరం రాసి సంతకం పెట్టిన ఇద్దరిలో నేనొకదాన్ని. కాబట్టి ఇది ఒడ్డున కూచుని రాస్తున్న వ్యాసం కాదు.

పాపకి రెండు చెవులూ వినపడవని రెండో నెలలో తెలిసింది. మూడో నెలలో మరో డాక్టరు నడకలోనూ చూపులోనూ తేడా ఉంది, ఇంకా పరీక్షలు చేయించాలి అన్నాడు. నాలుగో నెల దాటాక కారులో తీసుకెళ్ళి దింపి వచ్చారు.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద. అతని మీద కూడా రావాలి కదా అన్న సంగతి రెండు రోజులు పోయాక గాని నాకు తట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా స్త్రీవాదం చదివి, దాన్నే పాఠంగా చెప్పి, మాతృత్వం ఒక సామాజిక నిర్మాణమని సభల్లో మాట్లాడిన మనిషిని, ఇంట్లో ఇద్దరు కలిసి చేసిన పనికి ఒక్కదాన్నే బోనెక్కించాను. ఈ విషయం చరిత్రని వెతుక్కుంటూ పోవడానికి కారణం ఆ రెండు రోజులే.

ముందు ఆ మాటే నన్ను పట్టుకుంది. వాపసు. కొట్లో చీర నచ్చకపోతే చేస్తాం, చిల్లర మిగిలితే తీసుకుంటాం. బిడ్డ విషయంలో ఆమె నోటికి ఆ మాట రావడం ఆమె క్రూరత్వం అనుకున్నాను మొదట. కాదు, ఆమెకి మన భాష ఇంకో మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి, పుచ్చుకోవడానికి మాటలున్నాయి: దత్తత, పెంపకం, సాదుకోవడం. పుచ్చుకున్నాక వదులుకోవడానికి లేదు.

మన ధర్మశాస్త్రాలు కొడుకుల్ని లెక్కపెట్టడంలో ఎంత శ్రద్ధ చూపాయో మనకి తెలిసిందే. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో పన్నెండు రకాల కొడుకులున్నారు. తన భార్యకి తనకే పుట్టినవాడు ఔరసుడు, ఇస్తే పుచ్చుకున్నవాడు దత్తుడు, కొనుక్కున్నవాడు క్రీతుడు. ఆ వరసలోనే అపవిద్ధుడనే వాడున్నాడు. కన్నవాళ్ళు వదిలేస్తే ఇంకొకరు తెచ్చుకుని పెంచుకున్నవాడు. అంటే ఒకసారి వదిలేసిన బిడ్డకి శాస్త్రంలో ఒక పేరూ ఒక చోటూ ఉన్నాయి. రెండోసారి వదిలేసిన బిడ్డకి పేరు లేదు. అదే అధ్యాయంలో ఇంకాస్త ముందుకి పోతే, పుట్టుగుడ్డికీ చెవిటికీ మూగకీ మతిలేనివాడికీ ఆస్తిలో భాగం లేదు, తిండీ గుడ్డా ఇస్తే చాలునని ఉంటుంది. దత్తత పిండం పెట్టడానికి, ఆస్తి వంశంలో నిలబెట్టడానికి. ఆస్తికి అర్హత లేని బిడ్డని కోరి తెచ్చుకోవడమనే ఆలోచన ఆ చట్రంలో ఎక్కడ పడుతుంది? ఇది ఎప్పటిదో పాత మాట అని తోసెయ్యడానికి వీల్లేదు. ఈ అనర్హతల్లో చాలావాటిని 1928లో ఒక చట్టం తీసేసింది గాని, పుట్టుకతోనే మతి లేనివారికి మాత్రం వాటిని అలాగే ఉంచింది. అవి పూర్తిగా పోవడానికి 1956 హిందూ వారసత్వ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా తమాషా. 1956కి ముందు హిందూ స్త్రీ తనకోసం దత్తత తీసుకోవడమన్నది లేదు, భర్త కోసం తీసుకోవాలి. భర్త అనుమతి ఇవ్వకుండా పోతే మద్రాసు ప్రెసిడెన్సీలో సపిండుల అంగీకారంతో వితంతువు తీసుకోవచ్చని రామనాథపురం జమీందారీ కేసులో ప్రీవీ కౌన్సిల్ 1868లో తేల్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాల వితంతువులకి కూడా అదే న్యాయం. ఒక స్త్రీ, ఒక ఆడపిల్లని, తన కోసం దత్తత చేసుకోవడాన్ని మద్రాసు కోర్టులు ఆచారంగా ఒప్పుకున్నది భోగం స్త్రీల విషయంలో. పరువుగల ఇళ్ళలో లేని హక్కు పరువు లేదన్న ఇళ్ళలో ఉంది. దాని వెనక ఏ బతుకుందో మనకి తెలుసు గనక దాన్ని హక్కని మెచ్చుకోవడానికి నోరు రాదు.

1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చాక ఆడపిల్లని కూడా దత్తత తీసుకోవచ్చు, ఒంటరి స్త్రీ కూడా తీసుకోవచ్చు. భర్త ఉన్న స్త్రీ మాత్రం 2010 సవరణ దాకా మామూలుగా తన పేరున తీసుకోవడానికి లేదు. అతను తీసుకుంటాడు, ఆమె ఒప్పుకుంటుంది. ఆ చట్టంలో పదిహేనో సెక్షను ఒకటుంది. సక్రమంగా జరిగిన దత్తతని తండ్రి గాని తల్లి గాని ఇంకెవరు గాని రద్దు చెయ్యడానికి వీల్లేదు. బిడ్డ కూడా కాదనుకుని పుట్టింటికి తిరిగి పోవడానికి వీల్లేదు. చదివినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. రెండోసారి చదివితే అది బిడ్డ కోసం రాసింది కాదనిపించింది. ఆస్తి ఎవరిదో రేపు మళ్ళీ తగువు రాకుండా రాసుకున్న మాట.

ఇవాళ శిశుగృహం నుంచి బిడ్డని తెచ్చుకునేవాళ్ళు ఎక్కువగా వచ్చేది బాలల న్యాయ చట్టం దారిలో. 2000లో వచ్చి, 2006లో సవరణ జరిగి, 2015లో మళ్ళీ కొత్తగా రాసిన చట్టం. దాని ప్రకారం బిడ్డ ముందు ఇంటికొస్తుంది, దత్తత ఉత్తర్వు తర్వాత వస్తుంది. ఆ ఉత్తర్వు వెనక కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. ఈ నడిమి కాలాన్ని దత్తతకి ముందరి పోషణ అంటారు. పాప నా స్నేహితురాలి ఇంట్లో ఉన్నది ఈ నడిమి కాలంలోనే. అమ్మా అని పిలవడం నేర్పించారు, పేరు మార్చారు, గాజులు తొడిగాం, అయినా చట్టం దృష్టిలో ఆమె ఇంకా ఎవరి బిడ్డా కాదు.

ఇక్కడొక తేడా గమనించండి. కన్నతల్లి బిడ్డని అప్పగిస్తూ సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి 2015 చట్టం రెండు నెలల గడువు ఇచ్చింది. పెంచుకునేవాళ్ళకి ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఉన్న కాలమంతా ఆచరణలో గడువే. మనసు మార్చుకునే గడువు లేనిది మధ్యనున్న మనిషి ఒక్కదానికే.

వెనక్కి వచ్చేవాళ్ళు ఎవరు? 2017-19 మధ్య దత్తతకి వెళ్ళిన 6,650 మంది పిల్లల్లో 278 మంది తిరిగి వచ్చారు. వాళ్ళలో 60 శాతం ఆడపిల్లలు, 24 శాతం ప్రత్యేక అవసరాలున్నవాళ్ళు, చాలామంది ఆరేళ్ళు దాటినవాళ్ళు. నాలుగు శాతమే కదా అని సర్దుకోవచ్చు. ఆ 278లో ఒక్కరికి మనం గాజులు తొడిగి ఉండకపోతే.

మన దగ్గర ఇవి ఫైళ్ళలో ఉండిపోయే కథలు. బయటపడి, వాదోపవాదాలు జరిగి, నలుగురి నోళ్ళలో నలిగింది అమెరికాలో. అందుకని కొన్నాళ్ళు అక్కడి సంగతులు చదువుతూ కూచున్నాను. 2010 ఏప్రిల్‌లో టెన్నెసీ రాష్ట్రంలో నర్సుగా పనిచేసే ఒక ఒంటరి తల్లి, రష్యా నుంచి అంతకు ముందరి సంవత్సరం తెచ్చుకున్న ఏడేళ్ళ కొడుకుని ఒంటరిగా మాస్కో విమానం ఎక్కించి పంపించేసింది. వాడి దగ్గర ఒక ఉత్తరం పెట్టింది. వీడికి మానసిక సమస్యలున్నాయి, అనాథాశ్రమంవాళ్ళు నాకు అబద్ధం చెప్పారు, ఇక నేను పెంచలేను అని అందులోని సారాంశం. ప్రపంచమంతా భగ్గుమంది. ఆమె మీద క్రిమినల్ కేసు పెట్టలేదు గాని, 2012లో కోర్టు ఆమెని 1,50,000 డాలర్లు కట్టమంది, వాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నెలకి వెయ్యి డాలర్లు పంపమంది. ఆ తీర్పు నాకు సబబుగా అనిపించింది. బిడ్డని పంపించినంత మాత్రాన నీ బాధ్యత విమానం ఎక్కి వెళ్ళిపోదు అని చెప్పింది గనక.

కానీ తర్వాత జరిగింది చూడండి. 2012 డిసెంబరులో రష్యా, అమెరికావాళ్ళు తమ పిల్లల్ని దత్తత తీసుకోవడాన్నే నిషేధించింది. ఒక కారులో ఉండిపోయి చనిపోయిన పసివాడి పేరుని ఆ చట్టానికి తగిలించారు. అసలు కోపం రష్యా అధికారుల మీద అమెరికా పెట్టిన ఆంక్షల మీద. అప్పటికే అమెరికాలో అమ్మానాన్నలు ఖాయమైన పిల్లలు, వాళ్ళలో వైకల్యం ఉన్న పిల్లలు కూడా, ఆశ్రమాల్లోనే ఉండిపోయారు. రెండు ప్రభుత్వాల తగువులో మళ్ళీ వాపసు అయింది ఆ పిల్లలే.

మరుసటి ఏడాది, 2013 సెప్టెంబరులో, రాయిటర్స్ వార్తాసంస్థ ఒక పరిశోధన బయటపెట్టింది. దత్తత తీసుకుని భరించలేకపోయిన తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ప్రకటనలిచ్చి, ముఖం తెలియనివాళ్ళకి ఒక అధికారపత్రం రాసిచ్చి పిల్లల్ని అప్పగించేస్తున్నారు. ఒక్క గుంపులోనే సగటున వారానికి ఒక బిడ్డ. ఎక్కువమంది విదేశాల నుంచి తెచ్చుకున్నవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కుక్కలకీ పిల్లులకీ కొత్త ఇల్లు వెతకడానికి వాడే మాట. అంటే మాటల కరువు తెలుగుకే కాదన్నమాట.

2020లో ఒహాయో దంపతుల సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. చైనా నుంచి ఆటిజం ఉన్న బాబుని తెచ్చుకున్న ప్రయాణమంతా వీడియోలుగా పెట్టి పేరూ డబ్బూ సంపాదించుకుని, మూడేళ్ళు తిరక్కుండానే వాడికి వేరే ఇల్లు చూశామని ఇంకో వీడియోలో చెప్పారు. ఆ వీడియోలో ఇద్దరూ కూచుని ఉన్నారు. తిట్లన్నీ ఆమెకే. ఆమె పేరు లోకానికంతా తెలుసు, అతని పేరు నేను వెతికి తెలుసుకోవాల్సి వచ్చింది. నా రెండు రోజుల కోపం నాకొక్కదానికే వచ్చిన జబ్బు కాదని తెలిసి కాస్త సిగ్గు తగ్గింది. తగ్గి ఉండకూడదేమో.

ఇలా చదువుతూ పోతుంటే, దత్తత విషయంలో కాదుగాని, బిడ్డని వదులుకునే విషయంలో నన్ను చాలాకాలం ఆపేసిన మనిషి పెర్ల్ బక్. మనలో ఎంతమందిమి ఇంటర్‌లోనో డిగ్రీలోనో 'ది గుడ్ ఎర్త్' చదివి ఓ-లాన్ కోసం ఏడవలేదు? ఆ నవలలో బుద్ధి ఎదగని ఆడపిల్ల ఒకతె ఉంటుంది. ఆ పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో మనకి అప్పుడు తెలియదు.

పెర్ల్ బక్‌కి 1920లో చైనాలో కూతురు పుట్టింది. పేరు కారల్. కాన్పు తర్వాత గర్భసంచిలో కంతి ఉందని తేలింది, ఆపరేషను చేశారు, ఇక పిల్లలు లేరు. నాలుగేళ్ళు వచ్చేసరికి పిల్ల ఎదగడం లేదని అర్థమైంది. భర్త లాసింగ్ బక్ చైనా వ్యవసాయం మీద పెద్ద సర్వేలు చేస్తూ వాటిలోనే మునిగి ఉన్న మనిషి. డాక్టర్ల చుట్టూ తిరిగింది ఆమె. 1925లో ఒక పసిపాపని దత్తత తీసుకుంది. 1929లో, కారల్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, న్యూజెర్సీలోని వైన్‌లాండ్ ట్రెయినింగ్ స్కూల్లో చేర్పించి చైనాకి వెళ్ళిపోయింది. రెండేళ్ళ ఖర్చుకి 2,000 డాలర్లు అప్పు చేసింది. ఆ ఖర్చు ఎలా తీర్చాలన్న బెంగే తనని నవలలు రాయడానికి తరిమిందని ఆమే చెప్పుకుంది. 1931లో నవల, మరుసటి ఏడు పులిట్జర్, 1938లో నోబెల్. అన్నేళ్ళూ ఆ కూతురు ఉందని బయటి లోకానికి చెప్పలేదు. 1950లో ఆ బిడ్డ గురించి చిన్న పుస్తకం రాసింది, అప్పుడు తెలిసింది.

కారల్‌ది పీకేయూ అనే జబ్బు. ఒక నార్వే డాక్టరు దాన్ని కనిపెట్టింది 1934లో. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు. పుట్టగానే ఒక రక్తపు చుక్కతో పట్టుకుని తిండిలో మార్పులతో మెదడుని కాపాడడం వచ్చింది ఇంకా చాలా ఏళ్ళ తర్వాత. ఆమె తల్లి ఏమి చేసినా, చెయ్యకపోయినా ఆ మెదడు నిలబడేది కాదు.

ఇందులో నాకు అర్థమైందొకటుంది. పెర్ల్ బక్ బిడ్డని చేతుల్లోంచి దింపింది, పేరులోంచి దింపలేదు. దాచిపెట్టింది, అది తప్పే, ఇరవయ్యేళ్ళు ఒక మనిషి ఉనికినే దాచడం చిన్న తప్పు కాదు. కానీ వెళ్ళి చూస్తూ ఉంది, డబ్బు పంపింది, పేరొచ్చాక కూతురుండడానికి అక్కడే ఒక ఇల్లు కట్టించింది, తనని కారల్ తల్లిగానే చెప్పుకుంటూ చనిపోయింది. కారల్ 1992లో, 72 ఏళ్ళ వయసులో, అక్కడే పోయింది. మనం ఈ రెండు పనుల్నీ కలిపేసి ఒకే మాటతో తిడుతున్నాం. ఒక బిడ్డ సంరక్షణ ఇంట్లో సాధ్యం కాకపోవడం ఒకటి. నువ్వు నా బిడ్డవి కావు అనడం మరొకటి. మొదటిదానికి ఏ తల్లినీ, కన్నదాన్నయినా పెంచినదాన్నయినా, దోషిగా నిలబెట్టకూడదని ఇప్పుడు నేను అనుకుంటున్నాను. రెండోదాన్ని, ఎంత కష్టంలో ఉన్నా, తప్పు కాదనలేకపోతున్నాను. అది తల్లికి ఎంతో తండ్రికీ అంతే.

పెర్ల్ బక్ 1949లో వెల్‌కమ్ హౌస్ అనే దత్తత సంస్థ పెట్టింది. మిశ్రమ జాతి పిల్లల్ని ఎవరూ తీసుకోరని సంస్థలు తిప్పి పంపేస్తున్న రోజులు. ఆమెని ఆ పనిలోకి దించిన మొదటి పసివాడు భారతీయ రక్తం ఉన్న వాడు. చామనఛాయ పిల్లవాడికి అమెరికాలో ఇల్లు దొరకదన్నారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అన్న మాటని ఆమె ఒప్పుకోలేదు. తన కూతుర్ని ఎక్కడో ఉంచి వచ్చినదానికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోగలం.

అయితే ఆమెకి మూడో దారి ఉంది. అప్పు పుట్టింది, పుస్తకం అమ్ముడయింది. దగ్గర పెట్టుకోకుండా తల్లిగా ఉండగలగడానికి డబ్బు కావాలి. 1999లోనూ 2001లోనూ హైదరాబాదు శిశుగృహాల వ్యవహారం బయటపడినప్పుడు మనం చూసింది ఆ దారి లేనివాళ్ళని. దేవరకొండ తండాల్లో లంబాడా తల్లులు మూడో ఆడపిల్లనో నాలుగో ఆడపిల్లనో కొద్దిపాటి డబ్బుకి ఇచ్చేశారని పత్రికలు రాశాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లిదండ్రులు బిడ్డని అప్పగిస్తూ రాసే పత్రాలు చెల్లవంది. బిడ్డల్ని అమ్ముకున్న తల్లులని పేరు పడింది గాని, కొన్నవాళ్ళ గురించి, మధ్యలో తిన్నవాళ్ళ గురించి ఆ వేడి త్వరగా చల్లారింది. పత్రం ఆపితే బిడ్డ ఇంట్లో ఉంటుందనుకున్నారు. ఉన్న బిడ్డని పెంచడానికి ఆ ఇంట్లో ఏముందో అడగలేదు. నా స్నేహితురాలు తెచ్చుకున్న పాప కన్నతల్లి ఎవరో నాకు తెలియదు. ఆమె గడువు రెండు నెలలు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఆర్నెల్ల తర్వాత నా స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. టీ తాగకుండా కూచుంది. వాళ్ళత్తగారు చెవిటిపిల్లని తెచ్చి వంశానికి అంటగట్టావని అందట. భర్త ఏమీ అనలేదట, సాయంత్రాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడట. పాపని పరీక్షలకి తిప్పడానికి ఈమె జీతం నష్టం మీద సెలవు పెట్టింది. పెడితే ఇంట్లో, ఉద్యోగం మానెయ్యకూడదూ అన్నారు. ఫైల్లో పాప ఆరోగ్యం మామూలే అని రాసి ఉందని, అడిగితే అక్కడివాళ్ళు వినికిడి పరీక్ష మా దగ్గర చెయ్యం అన్నారని చెప్పింది. "నేను ఉంచుకోగలిగేదాన్ని అక్కా, ఒక్కదాన్నే అయితే" అంది. తర్వాత తనే, "అబద్ధం. నాకూ భయం వేసింది. వాళ్ళ మీద తోసేస్తున్నా" అంది.

నేను ఇది రాస్తానంటే రాయమంది. ముసాయిదా చదివి ఒక్కటే మార్చమంది. దింపి వచ్చామని రాశారు, పాప కారు దిగనని నా చున్నీ పట్టుకుంది, అది రాయలేదేం అని అడిగింది. నాకు తెలియదు గనక రాయలేదు. ఇప్పుడు తెలిసింది.

పాప ఇప్పుడు ఎక్కడుందని అడిగాను. వెళ్ళి చూడడానికి ఒప్పుకోలేదట, బిడ్డ కుదురుకుంటుంటే చెదరగొట్టవద్దన్నారట. కొద్దిరోజులు అద్దెకి తెచ్చిన వినికిడి యంత్రం తాలూకు బ్యాటరీల పెట్టె తన బీరువాలో ఉండిపోయిందని చెప్పింది. వాటికి గడువు తేదీ ఉంటుందని తనకి తెలియదు.

ఆమె వెళ్ళాక, ఆ రోజు నేను రాసిన ఉత్తరం నకలు కంప్యూటర్లో వెతికి తీశాను. ఇద్దరూ ఉద్యోగస్తులు, సొంత ఇల్లు, మంచి నడవడిక, ఆమెకి పిల్లలంటే ప్రాణం అని రాసి ఉంది. అతనికి పిల్లలంటే ఏమిటో ఒక్క ముక్క లేదు. రాయాలని నాకు తోచలేదు, అడగాలని సోషల్ వర్కరుకీ తోచలేదు.